మిద్దె ఇంటికి అగ్గి భయం లేదనుకోబాకండి

ఏప్రిల్ రెండో వారం దాటగానే ఫైర్ స్టేషన్ వాళ్లు ఎర్ర బండి వేసుకుని వచ్చి బస్టాండు దగ్గరా, స్కూళ్ల దగ్గరా, కాలనీల్లోనూ గ్యాసు బండకి మంట పెట్టి ఆర్పి చూపిస్తా ఉంటారు, మీరూ చూసే ఉంటారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలని చేస్తారు. ఆ తేదీనే ఎందుకంటే 1944లో సరిగ్గా ఆ రోజే బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది, అందులో పత్తి బేళ్లూ పేలుడు సామానూ రెండూ ఎక్కించి ఉన్నారు, ఆర్పడానికి పోయిన ఫైర్ సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లని తల్చుకోవడానికే ఈ వారం. ఈసారి ఒంగోల్లో మా కాలనీకి వచ్చినప్పుడు పిలకాయల్ని తీసుకుని పోయి చివరిదాకా నిలబడి చూశా. చాలామంది ఫోన్లో కాసేపు వీడియో తీసుకుని వెళ్లిపోయారు. నాకైతే ఆ పది నిమిషాలు చూసినాక ఇదంతా రాయకుండా ఉండలేకపోయా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఫైరాయన ఏం చేశాడో చెప్తా, ఎందుకంటే అందరూ చూసేది మంట ఆరడమే, అసలు సంగతి ఆయన చేతుల్లో ఉంది. బండ మీద వాల్వు దగ్గర మంట అంటించారు. ఆయన తొందరపడలేదు, గాలి ఎటు నుంచి వస్తందో చూసుకుని, గాలి తన వీపుకి తగిలేటట్టు నిలబడ్డాడు. బక్కెట్లో నానేసిన గోనెపట్టా తీసి, పై రెండు మూలలూ తన చేతుల మీదికి మడుచుకున్నాడు, అంటే వేళ్లు పట్టా వెనకాలే ఉండేటట్టు. దాన్ని మొహానికీ ఛాతీకీ అడ్డంగా పట్టుకుని నిదానంగా నడుచుకుంటా పోయి బండ మీద కప్పాడు. విసిరేయలేదు, కప్పాడు. కప్పి అట్టాగే అదిమి పట్టుకుని, పట్టా కింద నుంచి చెయ్యి పోనిచ్చి రెగ్యులేటరు తిప్పి కట్టేశాడు. ఆ కట్టేయడమే ముఖ్యం. మంట ఒక్కటే ఆర్పి గ్యాసు కట్టకపోతే అది వస్తానే ఉంటది, వంటిల్లంతా నిండి ఇంకోచోట యాడో నిప్పురవ్వ తగిలి అప్పుడు పేలుద్ది. ఇంకోటి కూడా చెప్పాడాయన, మంట మొదట్లో రెగ్యులేటరు దగ్గర చిన్నగా ఉన్నప్పుడే ఈ పని, బండ మొత్తాన్ని మంట చుట్టుకుని ఉంటే దగ్గరికి పోవద్దు, ఇంట్లో వాళ్లని తీసుకుని బయటపడండి అని.

ఇది చూస్తా ఉంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఊరు కొండపి దగ్గర. నా చిన్నప్పుడు ఊళ్లో సగం తాటాకు ఇళ్లే ఉండేవి. ఎండాకాలం వస్తే మా నాయనమ్మకి ఒకటే యావ, అగ్గి. మే నెలలో మా వైపు పొద్దెక్కే కొద్దీ పడమటి గాలి లేస్తది, వేడిగా, దుమ్ము లేపుకుంటా. ఆ గాలి లేచేలోపల వంట అయిపోవాలి, పొయ్యి ఆర్పేయాలి, ఆర్పడం అంటే కట్టెలు బయటికి లాగడం కాదు, నీళ్లు చల్లి బొగ్గు నల్లగా అయ్యేదాకా చూడడం. బూడిద వేడిగా ఉండంగా దిబ్బలో పోస్తే ఊరుకునేది కాదు. ఇంటి పంచలో ఎప్పుడూ నిండుగా నీళ్లతొట్టి, పక్కనే నిచ్చెన. వామి ఇంటికి దూరంగానే వేయాలి, బీడీ తాగేవాళ్లని వామి దగ్గర కూచోనిచ్చేది కాదు. ఒక ఇల్లంటుకుంటే మగవాళ్లు ఆ ఇంటి మీదికి కాకుండా పక్కింటి మీదికి ఎక్కేవాళ్లంట, ఎక్కి తడి దుప్పట్లు పరిచేవాళ్లు, లేదంటే పక్కింటి తాటాకంతా పీకి కింద పడేసేవాళ్లు, మంటకి దారి లేకుండా చేయడానికి. కాలే ఇల్లు ఎట్టాగూ పోయింది, వీధి మొత్తం పోకుండా చూసుకోవాలి అనే లెక్క.

పొగాకు బ్యారన్ల, అంటే ఆకు ఎండబెట్టే గదుల సంగతి కూడా అంతే. మన జిల్లాలో పొగాకు వేసిన ఇళ్లన్నిటికీ తెలిసిన భయం ఇది. లోపల కింద ఇనప గొట్టాలు, బయట పొయ్యిలో కట్టెలు వేస్తే ఆ వేడి గొట్టాల్లో తిరుగుతా ఉంటది, పైన అరలు అరలుగా కర్రలకి అల్లిన ఆకు వేలాడదీస్తారు. చివర్లో ఈనె ఎండేటప్పటికి లోపల వేడి 70 డిగ్రీల దాకా పోద్ది, ఆకంతా గలగలలాడతా ఉంటది, అప్పుడు ఒక్క ఆకు జారి కాలే గొట్టం మీద పడితే చాలు, ఎన్నో రోజుల కష్టం చూస్తా చూస్తా ఉండంగానే బూడిదవుద్ది. అందుకే గొట్టాల పైన ఇనప వల వేస్తారు, మా నాయన ఆ రాత్రులు బ్యారన్ పక్కనే మంచం వేసుకుని గంటగంటకీ లేచి బ్యాటరీ లైటు కొట్టి చిన్న కిటికీలోంచి ముందు గొట్టాల మీదికి చూసి, ఆ తర్వాతే వేడి ఎంతుందో చూసేవాడు. గొట్టం మీద ఆకు పడిందా లేదా అనేదే మొదటి చూపు.

అంత జాగ్రత్తగా బతికినోళ్లం, స్లాబు ఇంట్లోకి వచ్చేసరికి ఆ జాగ్రత్త మొత్తం తాటాకుతో పాటే వదిలేశాం. మిద్దె కదా, సిమెంటు కదా, అదెట్టా కాలుద్దిలే అని. నిజమే, స్లాబు కాలదు. కానీ లోపల ఏమున్నాయో ఒకసారి చుట్టూ చూడండి, ఫోము సోఫా, ఫోము పరుపులు, నేల దాకా కర్టెన్లు, ప్లైవుడ్ కబోర్డులు, ఫాల్స్ సీలింగు, ప్లాస్టిక్ కుర్చీలు, పాలిస్టర్ దుప్పట్లు. ఇవి కాలితే మంట కన్నా ముందు నల్లటి పొగొస్తది. తాటాకు ఇంట్లో పొగ పైకి పోయేది, గోడకీ కప్పుకీ మధ్య సందు ఉండేది. ఇప్పుడు ఏసీ కోసం కిటికీలన్నీ బిగించుకుని పడుకుంటన్నాం, పొగ పోవడానికి దారే లేదు. ఇంటికి నిప్పంటుకున్న చోట చాలామంది ప్రాణాలు పోయేది కాలిపోయి కాదు, పొగ పీల్చి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాకుండానే స్పృహ పోద్ది.

2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగింది గుర్తుందా, ఆదివారం తెల్లవారి, ఒకే కుటుంబం వాళ్లు 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. సెలవలకి వచ్చిన బంధువులు కూడా ఉన్నారు అందులో. కింద షాపులు, పైన ఇల్లు, రాకపోకలకి ఉన్నది ఒకటే ఇరుకు దారి. ఆ వార్త చదివిన రోజు నేను మా ట్రంక్ రోడ్డు వైపు పోతా పైకి చూశా, కింద బట్టల కొట్టో ప్లాస్టిక్ సామాన్ల కొట్టో, పైన కాపురం, షాపుల మధ్యలోంచి ఒక సన్నటి మెట్ల దారి. ఒంగోలే కాదు, నెల్లూరు సంతపేట, స్టోన్‌హౌస్‌పేట, కావలి, కందుకూరు బజార్లు ఏవి చూసినా అంతే.

అందుకని నేను మొదట అడిగేది మీ ఇంట్లో ఎన్ని దారులున్నాయి అని. దొంగల భయంతో మనం ఇంటిని మనమే బోనులాగా చేసుకుంటన్నాం, ముందు ఇనప గేటు, దాని వెనక చెక్క తలుపు, రెండిటికీ తాళాలు, బాల్కనీ మొత్తం గ్రిల్లు, కిటికీలకి గోడలోకి పాతేసిన చువ్వలు, మిద్దె మీదికి పోయే తలుపుకి ఇంకో తాళం, ఆ తాళంచెవి యాడుందో ఇంటాయనకి తప్ప ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి, కరెంటు పోయి, చీకట్లో, పొగలో, దగ్గుతా తాళంచెవి వెతుక్కోవడం ఎట్టా ఉంటదో ఒక్కసారి ఆలోచించండి. మా ఇంట్లో రాత్రి వేసే తాళాల చెవులన్నీ తలుపు పక్కన మేకుకి ఉంటాయి, బయట నుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, మా చిన్నదానికి అందేంత ఎత్తులో. బాల్కనీ గ్రిల్లులో ఒక భాగం తలుపులాగా తెరుచుకునేటట్టు వెల్డింగాయనతో చేయించాం, దానికి పెద్ద ఖర్చేం కాలేదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు గ్రిల్లు వేయించేటప్పుడే ప్రతి పడక గదికీ ఒక కిటికీ ఇట్టా తెరుచుకునేది అడగండి, ఆయనకి అలవాటు లేక వద్దంటాడు, మీరు పట్టుబట్టండి.

స్మోక్ అలారం అని ఒక చిన్న డబ్బా ఉంటది, బ్యాటరీతో పనిచేస్తది, పొగ తగలగానే చెవులు బద్దలయ్యేటట్టు మోగుద్ది. మన ఇళ్లల్లో దాదాపు ఎవరూ పెట్టుకోరు, ఆఫీసులకీ హోటళ్లకీ అనుకుంటారు. నిద్రలో మన ముక్కు మనల్ని లేపదు, చెవే లేపాలి, కాబట్టి పడక గదుల బయట సీలింగుకి ఒకటి బిగించుకోండి, వంటింట్లో మాత్రం వద్దు, తాలింపు పెట్టినప్పుడల్లా మోగి చివరికి విసుగొచ్చి బ్యాటరీ తీసేస్తారు. నెలకోసారి దాని మీద బటన్ నొక్కి చూడాలి.

గ్యాసు సంగతికి వస్తే, గ్యాసుకి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే మందు కలుపుతారు, ఆ కుళ్లు వాసన దానిదే. ఇది గాలి కన్నా బరువు, పైకి పోదు, నేల మీద నీళ్లలాగా పరుచుకుంటది, అందుకే పై కిటికీ ఒక్కటి తీస్తే చాలదు, నేల దాకా ఉండే తలుపులు తీయాలి. వాసన రాగానే చేయాల్సింది రెగ్యులేటరు కట్టేయడం, స్టవ్వు నాబులు, దేవుడి దీపం, అగరొత్తులు ఏమున్నా ఆర్పేయడం, తలుపులు బార్లా తీయడం, అందరూ బయటికి రావడం. చేయకూడనిది ఏంటంటే కరెంటు స్విచ్చి ముట్టుకోవడం. లైటు వేయడమే కాదు, వెలుగుతా ఉన్న లైటు ఆర్పడం కూడా వద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాను అసలొద్దు, స్విచ్చిలో వచ్చే చిన్న మెరుపు చాలు దానికి. బయటికొచ్చినాక 1906కి ఫోన్ చేయండి, గ్యాసు లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ ఎత్తుతారు.

బండ తెచ్చే అబ్బాయి తొందరలో ఉంటాడు, అయినా సరే సీలు తీసి లోపల నల్ల రబ్బరు వాషరు ఉందా లేదా చూసి, రెగ్యులేటరు పెట్టి, సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తన్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లున్నారు ఇంకా, దయచేసి ఆ పని ఎవరూ చేయబాకండి, చేసేవాళ్లని చూస్తే ఆపండి. బండకి కూడా గడువుంటది, పైన పట్టుకునే రింగు కింద నిలువు పట్టీలుంటాయి కదా, వాటిలో ఒకదాని మీద లోపలి వైపు ఇంగ్లీషు అక్షరం, సంవత్సరం రాసి ఉంటాయి, ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. బి-27 అని ఉంటే 2027 జూన్ లోపల ఆ బండని మళ్లీ టెస్టు చేయాలని అర్థం, గడువు దాటింది ఇస్తే వెనక్కి పంపేయండి, అది మీ హక్కు. పైపు ఆరెంజ్ రంగు సురక్ష పైపే వాడండి, ఐఎస్‌ఐ మార్కు ఉండాలి, దాన్నైనా 5 ఏళ్లకి మార్చేయాలి. స్టవ్వు వెనకాల గోడ పక్క నూనె జిడ్డు పట్టి, ఎలుక కొరికి, వంపు తిరిగిన చోట చీలి ఉంటది చాలా ఇళ్లల్లో, అద్దె ఇళ్లల్లో మరీనూ. వంచి చూస్తే పగుళ్లు కనపడితే అదే రోజు మార్చండి. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, అడుక్కొచ్చిందని పడుకోబెట్టి వాడేవాళ్లున్నారు, పడుకోబెడితే లోపలి ద్రవం నేరుగా పైపులోకి వచ్చేస్తది.

సంక్రాంతికి అరిసెలు, కజ్జికాయలు చేసేటప్పుడు బండ నేల మీద, స్టవ్వు కూడా నేల మీదే, పెద్ద మూకుడు, చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో పిలకాయలు. స్టవ్వు బండ కన్నా ఎత్తులో ఉండాలి, ఆ రోజైనా సరే బల్ల మీద పెట్టుకోండి. పైటలు, చున్నీలు బిగించి కట్టుకోవాలి, నూలు చీరే కట్టుకోవాలి, నైలానూ పాలిస్టరూ కరిగి ఒంటికి అతుక్కుపోతాయి. మూకుట్లో నూనె అంటుకుందా, నీళ్లు మాత్రం పోయబాకండి. నీళ్లు నూనె కిందికి దిగి క్షణంలో ఆవిరై, ఆ ఆవిరి నీళ్లకి 1700 రెట్లు పెరుగుద్ది, పెరిగి కాలే నూనెని కప్పుదాకా ఎగజిమ్ముద్ది. స్టవ్వు కట్టేసి, మూకుడు పట్టేంత మూత పక్క నుంచి జరుపుతా కప్పేసి అట్టా వదిలేయాలి, మూత తీసి చూడకూడదు, చల్లారేదాకా ఉంచాలి. మంట వస్తన్న మూకుడు ఎత్తుకుని బయటికి పరిగెత్తడం కూడా వద్దు, దారిలో ఒలికేది మీ మీదే. పిండివంటలు మొదలుపెట్టేటప్పుడే ఆ మూత పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇక కరెంటు. దీని గురించి ఎంత రాసినా తక్కువే. మనకి మార్చి నుంచి జూన్ దాకా ఏసీ లేకుండా పూట గడవదు, ఒకప్పుడు రెండు ఫ్యాన్లూ నాలుగు ట్యూబులైట్లకని వైరింగు చేసిన ఇళ్లల్లో ఇప్పుడు రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ స్టవ్వు, వాషింగ్ మెషీను, నీళ్ల మోటారు. టన్నున్నర ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుద్ది, 2000 వాట్ల గీజరు 9 దాకా. సన్న వైరులో అంత కరెంటు పోతే గోడ లోపలే వైరు వేడెక్కి పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కరగడం మొదలవుద్ది, మనకి కనపడదు. ఎంసీబీ, అంటే బరువు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, అది పడిపోతా ఉందంటే అది దాని పని అది చేస్తందని, ఈ లైను ఇంత బరువు మోయలేదని మీకు చెప్తందని. మనవాళ్లేం చేస్తారు, కరెంటు పనాయన్ని పిలిచి ఇది ఊరికే పడిపోతంది అంటారు, ఆయన 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32ది వేసి పోతాడు, ఇంక పడదు, అందరూ సంతోషం. వైరు మాత్రం అదే పాత సన్న వైరు. పాత ఇళ్లల్లో ఫ్యూజు పోతే లావు రాగి తీగ చుట్టడం కూడా ఇదే. దయచేసి ఇట్టాంటివి ఒప్పుకోబాకండి, వైరు మార్చమనండి, ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి తగ్గ ఎంసీబీ, ఎర్తింగు సరిగా ఉందో లేదో చెక్ చేయించి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించుకోండి.

ఇంకో గుర్తు చెప్తా. ఇంట్లో చేపలు వండకపోయినా చేపల వాసన లాంటిది వస్తందంటే స్విచ్ బోర్డుల దగ్గరికి పోయి వాసన చూడండి. బోర్డులు, ప్లగ్గులు లోపల లూజు కనెక్షనుకి వేడెక్కి కాలడం మొదలైనప్పుడు అట్టాంటి వాసనే వస్తది. ప్లగ్గు పెట్టిన చోట పసుపు పచ్చగానో గోధుమ రంగుగానో మారినా, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, స్విచ్చి వేస్తే చిటచిట శబ్దమొచ్చినా మెయిన్ ఆపి చూపించుకోవాల్సిందే. ఫ్రిజ్జు, గీజరు, ఏసీ ఇవేవీ ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టొద్దు, ఫోన్ ఛార్జరు పరుపు మీదా దిండు కిందా పెట్టుకుని పడుకోవద్దు. కరెంటు వల్ల అంటుకున్నదాని మీద మెయిన్ ఆపకుండా నీళ్లు పోయొద్దు. మెయిన్ యాడుందో, ఎట్టా దించాలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి, మా అత్తయ్యకి చూపిస్తే నాకెందుకమ్మా అంది, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కటే ఉండేది ఆవిడే మరి.

దేవుడి గూట్లో దీపం పెట్టి గుడికో ఊరికో పోయే అలవాటు చాలామందికుంది, నూనె వత్తిని ఎలుక లాక్కుపోయి ఇళ్లు కాలిన కథలు మన పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు, కార్తీక మాసంలో గుర్తుపెట్టుకోండి. దీపం కింద ఇత్తడి పళ్లెం, పైన చెక్కకి జానెడైనా ఎడం, పక్కన కర్టెను లేకుండా. దోమల కాయిలు మంచం కింద పెట్టొద్దు.

ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నాయి, మంచి బండ్లే, నేను వద్దనను. కానీ ఛార్జింగ్ యాడ పెడతన్నాం, సెల్లార్లో మెట్ల కింద, అదొక్కటే దారి అందరికీ. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద స్కూటర్ల షోరూంలో అంటుకుంటే పైన లాడ్జిలో ఉన్నవాళ్లు 8 మంది పోయారు, పొగ మెట్ల గుండానే పైకి పోయింది. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తది, దాని పొగ విషం. మెట్లకి దూరంగా, గాలి తగిలే చోట, కంపెనీ ఛార్జరుతోనే, బండి ఆపగానే కాకుండా కాస్త చల్లారినాక, మనం మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోవాలి. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చి హాల్లో రాత్రంతా పెట్టేవాళ్లకి మరీ మరీ చెప్తన్నా.

ఆర్పే సిలిండరు ఒకటి కొనుక్కోండి, 2 కేజీల ఏబీసీ పౌడరుది, అంటే కట్టె, నూనె, గ్యాసు మంటలు మూడిటికీ పనిచేసేది, ఐఎస్‌ఐ మార్కుతో. వంటింటి లోపల స్టవ్వు పక్కన కాదు, వంటింటి గుమ్మం బయట తగిలించండి, నిప్పు లోపల ఉంటే లోపలికి పోయి తెచ్చుకోలేం కదా. దాని మీదుండే మీటరు ముల్లు పచ్చ రంగులో ఉందా చూస్తా ఉండాలి. పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి, పైన నాలుకల మీద కొడితే ఉపయోగం లేదు. అది గట్టిగా పది సెకన్లు వస్తది అంతే, అందుకే చెత్తబుట్టంత మంటకి మాత్రమే అది, వీపు తలుపు వైపే ఉంచుకుని కొట్టాలి. అంతకు మించితే వదిలేసి బయటికి, పోతా పోతా ఆ గది తలుపు మూసేయండి, మూసిన తలుపు పొగనీ మంటనీ కొన్ని నిమిషాలు ఆపుద్ది.

పిలకాయలతో ఒక సాయంత్రం కూర్చుని ఇది ఆడించండి. లైట్లన్నీ ఆపి, పడక గది నుంచి బయటి గేటు దాకా మోకాళ్ల మీద పాక్కుంటా రమ్మనండి, పొగ పైన ఉంటది, కింద జానెడు ఎత్తులో గాలి ఉంటది కాబట్టి. మూసిన తలుపుని చేతి వెనక వైపుతో తాకి చూడమనండి, వేడిగా ఉంటే తీయకూడదు, కింద సందులో తడి గుడ్డ కుక్కి కిటికీ దగ్గరికి పోయి అరవాలి. ఒంటి మీద బట్టలంటుకుంటే పరిగెత్తకుండా కింద పడి దొర్లాలి. మంచం కిందా బీరువా వెనకా దాక్కోకూడదని గట్టిగా చెప్పండి, భయపడిన పిల్లలు చేసే మొదటి పని అదే. బయటికొచ్చినాక అందరం యాడ కలుసుకోవాలో ముందే అనుకోండి, మాది ఎదురు వేపచెట్టు. అక్కడ తలలు లెక్కపెట్టుకోవాలి, ఎవరైనా తగ్గితే ఫైర్ వాళ్లకి చెప్పాలి గానీ ఫోను కోసమో బంగారం కోసమో మళ్లీ లోపలికి పోకూడదు. 101కి చేయాలి, అది దొరక్కపోతే 112. ఫోనులో ఏడవకుండా కాలనీ పేరు, దగ్గర్లో గుర్తు, లోపల ఎవరైనా ఉన్నారా, గ్యాసు బండ ఉందా ఇవి చెప్పాలి, వాళ్లు పెట్టేసేదాకా మనం పెట్టకూడదు. ఒకళ్లు మెయిన్ రోడ్డు దాకా పోయి నిలబడి ఇంజనుకి దారి చూపించాలి.

కాలిన చోట పేస్టు, పసుపు, ఇంకు, ఐసు ఏవీ వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి, 20 అంటే చాలాసేపు, గడియారం చూసుకోండి. వాచే లోపల గాజులు, ఉంగరాలు తీసేయాలి, ఒంటికి అతుక్కున్న గుడ్డ పీకకూడదు, ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి. 108 పిలవండి.

ఊళ్లల్లో ఉండేవాళ్లకి ఒక మాట. పూరిల్లు కాలినప్పుడు బట్టలూ బియ్యమూ మళ్లీ ఎట్టానో వస్తాయి, పట్టాదారు పాసు పుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, బ్యాంకు కాగితాలు, పిల్ల పెళ్లికని ట్రంకు పెట్టెలో దాచిన డబ్బు, వీటికోసం ఏళ్ల తరబడి తిరుగుతారు. కాగితాలన్నీ ఫోనులో ఫొటోలు తీసి ఇంకో ఊళ్లో ఉన్న కొడుక్కో కూతురికో పంపండి, ప్రభుత్వం వాళ్ల డిజీలాకర్ యాప్‌లో దొరికేవి దాంట్లో పెట్టుకోండి, డబ్బు బ్యాంకులో వేయండి. గ్యాసు బండ వల్ల ప్రమాదం జరిగితే కనెక్షను ఉన్నవాళ్లకి ఆయిల్ కంపెనీల తరఫున ఇన్సూరెన్సు ఉంటది, మనం విడిగా ప్రీమియం కట్టేదేం లేదు, వెంటనే గ్యాసు ఏజెన్సీకీ పోలీసులకీ రాసి ఇవ్వాలి. చాలామందికి ఇది తెలియక వదిలేసుకుంటన్నారు.

మా అపార్ట్‌మెంటులో మీటింగు పెట్టి ఇవన్నీ మాట్లాడాం. మెట్ల కింద ఉన్న పాత పరుపులు, అట్టపెట్టెలు తీసేయడానికి అందరూ సరేనన్నారు, మిద్దె తలుపు తాళంచెవి ఇక నుంచి తలుపు పక్కనే ఉంటది. స్కూటర్ల ఛార్జింగ్ పాయింట్లు గేటు పక్కకి మార్చడానికి వైరింగు ఖర్చు ఎవరు పెట్టాలనే దగ్గర ఆగింది, అద్దెకున్నవాళ్లు ఓనర్లు పెట్టాలంటారు, ఓనర్లు బండ్లున్నవాళ్లు పెట్టాలంటారు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటన్నాం, మీ అపార్ట్‌మెంట్లలో ఎవరైనా ఇది మార్పించి ఉంటే ఎంతైందో, ఖర్చు ఎట్టా పంచుకున్నారో రాయండి, నేను ఆ మీటింగులో చూపిస్తా.